కట్టు విప్పని వంట మేస్త్రి

ఇది చదివే పిల్లలు ముందు ఒక పని చెయ్యండి. మోచేతిని పక్కటెముకలకి ఆనించి ఉంచి, తీర్థం పట్టేటప్పుడు తిప్పినట్టు కుడి అరచేతిని పైకి తిప్పండి. తిరిగిందా? అయితే సంతోషం. ఈ తిరుగుడు ఆగిపోయిన మనిషి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేడు. ముద్ద ఎత్తుతాడు, సగం దారిలో చెయ్యి బోర్లా పడిపోతుంది, మెతుకులు చొక్కా మీద రాలతాయి. మీకు ఈ సంగతి తెలియాల్సిన అవసరం ఇంకా రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. అయినా చెబుతాను. రిటైరైన మనిషికి చెప్పడం తప్ప వేరే పనేముంది?

నేను ఫిజియోథెరపిస్టుని. విజయనగరం నుంచి రోజూ రైలెక్కి చీపురుపల్లి వైపు ఒక ఆసుపత్రికి వెళ్ళి పనిచేసి వచ్చేదాన్ని. గది తలుపు మీద నా ఉద్యోగం పేరు పెద్ద అక్షరాలతో రాసుండేది గానీ, మా వైపు జనానికి ఆ మాట నోరు తిరగదు. 'కరెంటు పెట్టే మేడమ్' అనేవారు. కరెంటు పెట్టే పెట్టె ఒకటి నా గదిలో ఉండేది, సగం రోజులు అది పనిచేసేది కాదు. పేరు మాత్రం నిలిచిపోయింది.

నా గది వరండా చివర. ఎక్స్‌రే గది దాటి, విరిగిన మంచాలు గోడకి చేర్చిన చోటు దాటి వస్తే అక్కడ నేనుంటాను. ఆసుపత్రిలో నర్సులకి నర్సులు తోడు, డాక్టర్లకి డాక్టర్లు తోడు. నా ఉద్యోగం ఒక్కటే పోస్టు. నాకు నేనే పై అధికారిని, నేనే కింది ఉద్యోగిని. మధ్యాహ్నం అందరూ వాళ్ళ వాళ్ళ గుంపుల్లో క్యారేజీలు విప్పుకుంటే, నేను తలుపు చేరేసుకుని బల్ల మీద నా డబ్బా విప్పుకునేదాన్ని. కొత్తలో ఎవరైనా పిలుస్తారేమో అని తలుపు కొంచెం తెరిచి ఉంచేదాన్ని. తర్వాత ఈగలొస్తున్నాయని మూసేశాను. నిజం చెప్పాలంటే ఈగలు అంత ఎక్కువేం లేవు.

పెళ్ళి కూడా చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారు. ఇప్పుడు వాళ్ళూ లేరు.

సరే, మేస్త్రి సంగతి. ఆయన పెళ్ళిళ్ళకి వంట చేసే మనిషి. అరవై దాటినవాడు, బక్కపలచగా ఉంటాడు, కనుబొమలు పొయ్యి సెగకి సగం కాలిపోయి ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళలో కాస్త ఉన్నవాళ్ళింట్లో పెళ్ళంటే ముందు ముహూర్తం, తర్వాత ఆయన. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. స్టేషను వెనక వీధిలో ఒక్కడే ఉండేవాడు. ఒక పెళ్ళిలో గంజి వార్చేచోట కాలు జారి, కుడిచెయ్యి కింద పెట్టుకుని పడ్డాడు. మణికట్టు విరిగింది. మా ఎముకల డాక్టరు సరిగ్గానే కూర్చోబెట్టి పిండికట్టు వేశాడు, వేళకి కోశాడు, నా దగ్గరికి పంపాడు.

పిండికట్టు కోసిన చెయ్యి చూస్తే ఎవరికైనా బెంగ పుడుతుంది. సన్నబడిపోయి, పొట్టు రాలుతూ, తనది కానట్టు పక్కన వేలాడుతుంది. ఆయనకి కూడా అలాగే వేలాడింది. గోరువెచ్చటి నీళ్ళ బేసినులో చెయ్యి పెట్టించి, నాలుగు పనులు నేర్పాను. ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టుని బల్ల అంచు దాటించి, చేతిని నెమ్మదిగా కిందికి వాల్చి పైకి లేపడం ఒకటి. అదే చేతిని కుడికీ ఎడమకీ ఊపడం ఇంకోటి. గుప్పిట మూసి తెరవడం. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మొదట మీచేత చేయించిన ఆ అరచేతి తిప్పుడు. నొప్పి మొదలయ్యే చోటుదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, వెనక్కి రావాలి. నొప్పిని దాటి తొయ్యకూడదు, నొప్పికి భయపడి ముందే తిరిగి రాకూడదు. ఇంతే విద్య. ఇందులో కరెంటు లేదు.

కుడికీ ఎడమకీ ఊపే పని నేను ఇప్పటికీ నాకోసం చేస్తాను. ఏళ్ళ తరబడి ఇతరుల కీళ్ళు నొక్కి నా మణికట్లు బిగుసుకుపోయాయి. పొద్దున్నే డాబా పిట్టగోడ మీద చెయ్యి పెట్టి ఊపుతుంటే, కింద పాలవాడు తనకి టాటా చెబుతున్నాననుకుని తనూ చెయ్యి ఊపుతాడు. నేను అతని పొరపాటు సరిదిద్దలేదు.

మేస్త్రి మంచి శిష్యుడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, మూలిగేవాడు కాదు. గది వదిలే వేళకి అరచెయ్యి కొంచెం తిరిగేది, నేను సంబరపడేదాన్ని. మళ్ళీ వచ్చేసరికి మొదటికొచ్చేది. తలుపు గడియ పడినట్టు బిగుసుకుపోయి వచ్చేవాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ బల్ల, మళ్ళీ కాస్త తిరగడం. మళ్ళీ రావడం, మళ్ళీ గడియ.

"ఇంట్లో చేస్తున్నారా, లేదా?" అని గద్దించాను.

"సేస్తన్నానమ్మా. మీ మాట ఎందుకు కాదంటాను?"

"చేస్తే ఇలా ఉండదు."

"మరి ఎముకలోనే ఏటైనా ఉన్నాదేమో" అని గోడ వైపు చూసేవాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది, అది నా దగ్గర పనిచేసిన కుర్చీలకి కూడా తెలుసు. అయినా ఎందుకో ఆయన మీద పూర్తిగా రాలేదు. చేతిని దగ్గరగా చూశాను. ముంజేతి చుట్టూ చర్మం మీద అడ్డంగా గీతలున్నాయి, బిగించి కట్టిన గుడ్డ తీసిన వెంటనే ఉండే గీతలు. గీతల మధ్య చెమట పట్టి చర్మం తెల్లగా ఉంది.

ఆ రోజు ఆయన వెళ్ళాక మా వార్డు ఆయాని, మేస్త్రి ఇంకా చేతికి కట్టు కడుతున్నాడా అని అడిగాను. ఆవిడది ఆయన ఉండే వీధే. ఊళ్ళో ఎవరింట్లో ఏం పొంగిందో ఆవిడకి తెలియకుండా ఉండదు.

"కట్టేటమ్మా, కట్టు ఇప్పితే గదా!" అంది ఆవిడ. "నిన్న సంతలో సూసినాను. మెడకి గుడ్డ ఏలాడదీసుకొని, అందులో సెయ్యి పెట్టుకొని, పెళ్ళికొడుకులాగ నడుస్తన్నాడు. మన గేటు కాడికొచ్చి ఇప్పీసి సంచీలో పెట్టుకుంటాడు. ఎల్లేటప్పుడు ఆ కిళ్ళీకొట్టు ఎనకాల మళ్ళీ కట్టీసుకుంటాడు. మీకు తెలీదేటి?"

నాకు తెలీదు. ఆసుపత్రిలో అందరికీ తెలుసు, గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా. వరండా చివర ఉండే మనిషికి వార్తలు అలాగే చేరతాయి, చివర.

ఆ తర్వాతి వారం ఎముకల డాక్టరు చేతిని చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన నాకన్నా చాలా చిన్నవాడు, మంచివాడే గానీ ఎప్పుడూ తొందరలో ఉంటాడు. "ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది మేడమ్. కీలు మాత్రం బిగిసిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మరి తిరగదు. గరిటె పట్టడం సంగతి అలా ఉంచండి, అన్నం తినడమూ కష్టమే" అన్నాడు. మేస్త్రి అక్కడే నిలబడి విన్నాడు. విని, నమస్కారం పెట్టబోయి, అరచేతులు కలవక ఎడమచేత్తో సలాం కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రైలుకి ఇంకా వేళుంది. నా కాళ్ళు స్టేషను వెనక వీధికి తీసుకెళ్ళాయి.

ఇక్కడ మీకు మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. పట్నంలో పుట్టిన పిల్లలకి అది కొత్తగా ఉండొచ్చు. మా వైపు ఒంటి మీద కట్టు కనబడితే జనం చూడ్డానికి వస్తారు. దగ్గరవాళ్ళు, దూరంవాళ్ళు, ఎప్పుడో ఓసారి పరిచయమైనవాళ్ళు, అందరూ. ఖాళీ చేతులతో రారు. అరటిపళ్ళు, బ్రెడ్డు, కొబ్బరి బొండాలు తెస్తారు. వచ్చి కూర్చుని, ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పించుకుని, 'అయ్యో' అనే చోట అని, తమకి తెలిసిన విరిగిన చేతుల కథలు చెప్పి వెళతారు. అదే కట్టు లేని నడుంనొప్పివాడు ఏడాది మంచాన ఉన్నా ఎవరూ తొంగిచూడరు. కళ్ళకి కనబడితేనే నొప్పి.

మేస్త్రి ఇంటి అరుగు మీద ఆరోజు సంతలా ఉంది. షామియానాలు అద్దెకిచ్చే ఆయన ఉన్నాడు, ఏనాడో ఈయన చేత పెళ్ళివంట చేయించుకున్న ఒక రైతు పెళ్ళాంతో సహా ఉన్నాడు, పక్కూరి నుంచి సైకిల్ మీద వచ్చినవాడొకడు అరటిగెల దింపుతున్నాడు. మధ్యలో కుర్చీలో మేస్త్రి. ఒళ్ళో తలగడ, తలగడ మీద కట్టు కట్టిన చెయ్యి. పడ్డ కథ చెబుతున్నాడు. నా గదిలో నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి, ఎడమచెయ్యి గాల్లో ఊపుతూ, గంజి ఎక్కడ పారిందో, కాలు ఎటు జారిందో, గుండిగ ఎటు ఒరిగిందో చూపిస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

నన్ను చూసి ఆగిపోయాడు. "మా డాక్టరమ్మ" అన్నాడు, గొంతు తగ్గించి.

రైతు భార్య లేచి నాకు చోటిచ్చి, "ఏటమ్మా, పాపం ఇంకా ఎన్నాళ్ళుంచాల ఈ కట్టు?" అని అడిగింది.

అందరూ నా వైపు తిరిగారు. మేస్త్రి నన్ను చూడలేదు, తలగడ వైపు చూస్తున్నాడు. ఆ కట్టు ఉత్తుత్తిదని చెప్పడానికి ఒక్క మాట చాలు నాకు. నాలుక చివర ఉంది కూడా.

"అది ఆయన చేతిలో ఉంది" అన్నాను.

నేను మాటకారిని కాను, అది హాస్యమని ఎవరూ అనుకోలేదు, మంచిదే అయింది. కాసేపటికి దీపాలు పెట్టే వేళైందని ఒక్కొక్కరే లేచారు. అరుగు మీద పళ్ళూ, నేనూ, ఆయనా మిగిలాం.

"తెలిసిపోనాదా?" అన్నాడు.

"వారమైంది తెలిసి. ఎందుకండీ ఇది? చిన్నపిల్లాడు బడి ఎగ్గొట్టడానికి వేసే వేషం కదా ఇది?"

ఆయన ఒళ్ళో తలగడ తీసి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాను వొండని పెళ్ళి ఈ సుట్టుపక్కల లేదమ్మా. ఏ పెళ్ళిలోనైనా నన్నెవరైనా సూసేరేటి? పప్పులో ఉప్పు తగ్గితే, ఎవడ్రా వొండింది అని సూస్తారు. కూర బాగుంటే కూరని మెచ్చుకుంటారు. బంతులన్నీ లేసిపోయి, మనుషులెల్లిపోయినాక, అడుగూ బొడుగూ పెట్టుకొని ఆ పొయ్యి కాడే తింటాను. ఇంటికొస్తే ఈ గోడలు. సెయ్యి ఇరిగినాక, ఇదిగో, ఇంతమంది. మేస్త్రీ ఎలగున్నావు, మేస్త్రీ తిన్నావా, అని. నానొకడ్ని ఉన్నానని ఈ కట్టు కట్టినాకే తెలిసినాది జనాలకి. ఇది ఇప్పీసినానంటే ఇంకెవరూ రారమ్మా. వస్తారంటారా మీరు?"

ఇలాంటి చోట ధైర్యం చెప్పాలని మా చదువులో ఉంది. ఎందుకు రారు, తప్పకుండా వస్తారు, మీరంటే అందరికీ అభిమానం, అనాలి. ఆ అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. వరండా చివర గదిలో కూర్చుని తలుపు వైపు చూసిన మనిషిని నేను.

"రారు" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ఎదురు వాదిస్తానని అనుకున్నాడు కాబోలు.

"రారు మేస్త్రీ. మీరనుకున్నదే నిజం. వారం తిరక్కుండా ఈ అరుగు ఖాళీ అయిపోతుంది. కానీ కట్టు ఉంచుకుంటే మాత్రం ఎన్నాళ్ళొస్తారు? ఇంకో నెల వస్తారు. అప్పుడు మనుషులూ ఉండరు, చెయ్యీ ఉండదు. ఒక్కడే కూర్చుని తినేవాడికి, తన చేత్తో తినే వీలైనా ఉండాలి కదండీ."

నేను అన్న మాటలు నాకే గట్టిగా తగిలాయి. లేచి వచ్చేశాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆయన్ని ఏడిపించి వచ్చానేమో అనుకున్నాను. నెల్లిమర్ల దాటేసరికి ఏడుస్తున్నది నేనే. పక్కనున్నావిడ చూసి కిటికీ వేసేసింది, దుమ్ము పడిందనుకుని.

తర్వాత కొన్నాళ్ళు ఆయన రాలేదు. సరే, పోయిందిలే, అనుకున్నాను. కేసులు పోతుంటాయి. మనం చెప్పగలం, వాళ్ళ చెయ్యి మనం తిప్పలేం. అలా అనుకుంటూనే వరండాలో చెప్పుల చప్పుడైతే తల ఎత్తేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే నేను గది తాళం తీసేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెడలో గుడ్డ లేదు. చేతికి కట్టు లేదు. సంచీలోంచి ఆ కట్టుగుడ్డ తీసి నా బల్ల మీద పెట్టాడు.

"నిన్న పెళ్ళికెల్లినానమ్మా" అన్నాడు.

"వంటకా?"

"ఈ సేత్తో వంటేటి? ఏరే మేస్త్రిని పెట్టుకున్నారు. పాపం సెయ్యిరిగినాది గదా, సుట్టంలాగ రావాల అని నన్ను పిలిసేరు. నా జన్మలో మొదటిసారి మొదటి బంతిలో కూకున్నాను తల్లీ. మంచి సోటిచ్చేరు. మేస్త్రీ, మేస్త్రీ అని అందరూ పలకరించేరు. ఆకేసి వడ్డించేరు. ముద్దపప్పు, ఆవపెట్టిన అరిటికాయ కూర, గుమ్మడికాయ బెల్లం పులుసు. వాసన సూస్తేనే తెలిసిపోనాది, పులుసులో బెల్లం ముందేసీసినాడు ఆ మేస్త్రి. అయినా ఆశగా ఉన్నాది. నలుగురిలో కట్టు సేత్తో తింటే బాగోదని కట్టు ఇప్పీసి పక్కనెట్టి, కుడిసేత్తో కలిపేను."

కుడిచెయ్యి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ముద్ద లేసినాది. నోటికాడికి రాలేదు. సెయ్యి తిరిగితే గదా. తలకాయే కిందికొంచి అందుకుందామంటే, పప్పంతా ఒళ్ళో పడిపోనాది. ఎవడో మంచోడే, కేకేసినాడు, 'ఒరే, మేస్త్రికి సెంచా తెండ్రా' అని. బంతి బంతంతా నావైపు తిరిగినాది. పిల్లా పెద్దా అందరూ సూసేరు తల్లీ. నాను కోరుకున్నది అదే గదా, అందరూ సూడాలనే గదా." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "వొండినోడి ముందు ఆకు ఒదిలీసి లెగడం పాపం. అలాగే లేసొచ్చీసినాను. అన్నం పారేసిన సెయ్యి ఇది. దీన్ని తిప్పండి."

బేసినులో నీళ్ళు పోశాను.

ఆలస్యం చాలా అయిపోయింది. డాక్టరు చేతిని చూసి, పూర్తిగా రాదు మేడమ్, వచ్చినంత తెండి, అన్నాడు. ఆ వచ్చినంతని తేవడానికి మేమిద్దరం పడ్డ పాటు చెబితే మీకు విసుగు. తువ్వాలుని తడిపి రెండు చేతులా పిండడం, బియ్యం పోసిన బేసినులో చెయ్యి దూర్చి గుప్పిళ్ళతో పైకి తీసి బోర్లించడం, అరచేతులు గుండెల దగ్గర కలిపి ఆ కలిసిన చేతుల్ని నెమ్మదిగా బొడ్డు వైపు దించడం. మొదట్లో ఆయన అరచేతుల మధ్య జామకాయ పట్టేంత ఎడం ఉండేది. తిప్పుడుకి నా దగ్గరున్న సామాను బరువు చాలేది కాదు. ఇంటి దగ్గరున్న గరిటె తెమ్మన్నాను, పెద్దది కాదు, సాంబారు వడ్డించేది. కాడ చివర పట్టుకుని, మోచెయ్యి ఒంటికి ఆనించి, గరిటెను నిలువుగా పట్టుకుని నెమ్మదిగా బయటివైపు వాల్చాలి. గరిటె బరువే చేతిని తిప్పుతుంది. ఆయనకి ఇది బాగా నచ్చింది. "ఇన్నాళ్ళూ దీన్ని నాను తిప్పేను, ఇప్పుడిది నన్ను తిప్పుతన్నాది" అనేవాడు.

మధ్యలో ఒకసారి అడిగాను, ఇంటికి ఎవరైనా వస్తున్నారా అని.

"లేదు తల్లీ. మీరు సెప్పినట్టే అయినాది. రోడ్డు మీద కనబడితే బాగున్నావా మేస్త్రీ అంటారు. బాగున్నానని సెప్పేలోపు బండి ముందుకెల్లిపోతాది."

నా మాట నిజమైనందుకు ఇంత బాధ ఎప్పుడూ పడలేదు.

ఒకరోజు ఆయన లేటుగా వచ్చి నా భోజనం మధ్యలో తలుపు తోశాడు. డబ్బా ముందు నన్ను చూసి, గుమ్మంలోనే ఆగి, "ఇక్కడ మీరొక్కరే తింటారేటి?" అన్నాడు. "ఊఁ" అన్నాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, నేను తినడం అయ్యేదాకా బయట విరిగిన మంచం మీద కూర్చున్నాడు.

చివరికి ఆయన చెయ్యి ఎంత రావాలో అంత వచ్చింది. పూర్తిగా కాదు. అరచేతిలో నీళ్ళు పోస్తే ఒక పక్కకి జారిపోయేవి, కానీ కొన్ని నిలిచేవి. ఇక ఇంటి దగ్గర చేసుకోండి, రానక్కర్లేదు అని చెప్పాల్సింది నేనే, చెప్పాను. ఆయన గరిటె సంచీలో పెట్టుకుని, రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టి వెళ్ళాడు. చేతుల మధ్య ఎడం లేదు. అది చూసి గర్వపడాల్సిన మనిషిని, ఆయన వరండా దాటేదాకా చూస్తూ, రేపటినుంచి ఆ వేళకి ఎవరిని రమ్మనాలా అని ఆలోచిస్తున్నాను.

ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యాక ఫోన్ చేశాడు. రామతీర్థం దగ్గర ఒక పల్లెలో పెళ్ళి, తానే వండుతున్నాడు, కట్టు విప్పాక ఇదే మొదటి పెద్ద వంట, నేను రావాలి. ఆ పెళ్ళివాళ్ళెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్ళకి తెలీదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు లేదు నాకు. అయినా ఆటో ఎక్కాను.

పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. కూర్చోమని ఒకరిద్దరు అన్నారు గానీ, ఎవరి తాలూకు అని అడుగుతారేమోనని వెనక వంటశాల వైపు వెళ్ళిపోయాను. ఆయన రెండు పొయ్యిల మధ్య తిరుగుతున్నాడు. పెద్ద తెడ్డు కుర్రాళ్ళకిచ్చి, తాను గరిటెతో రుచి చూసి చెబుతున్నాడు. నన్ను చూసి, ఒక బల్ల తుడిచి, నీడలో వేయించాడు. బంతి మీద బంతి లేచింది. జనం తింటున్నారు, త్రేనుస్తున్నారు, పులుసు అద్భుతం అంటున్నారు, కిళ్ళీలు నములుతూ వెళ్ళిపోతున్నారు. ఆయన పులుసు కళాయి పక్కన నిలబడి, పందిట్లోంచి వెళ్ళే ప్రతి మనిషినీ చూస్తున్నాడు. దేనికోసం చూస్తున్నాడో నాకు అర్థమైంది. వాళ్ళలో ఆయన అరుగు మీద అరటిపళ్ళతో కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఎండ వాలాక పందిరి ఖాళీ అయింది. అప్పుడు ఆయన రెండు ఆకులు వేశాడు, ఒకటి నాకు, ఒకటి తనకి. మిగిలిన పప్పు, కూర, అడుగున ఉన్న పులుసు వడ్డించాడు. ఎదురెదురుగా నేల మీద కూర్చున్నాం.

ఆయన అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. నేను నా ఆకు వైపు చూడటం మానేశాను. మోచెయ్యి ఒంటికి ఆనింది, మణికట్టు కదిలింది, అరచెయ్యి తిరిగింది, పూర్తిగా కాదు, తల కొంచెం పక్కకి వంచాడు, ముద్ద నోట్లోకి వెళ్ళింది. ఒక్క మెతుకు కూడా కింద పడలేదు. ఆయన కళ్ళు మూసుకుని నమిలాడు.

కాసేపటికి అన్నాడు, "ఇంతమంది తిన్నారు తల్లీ. ఇదే సేత్తో వొండేను. ఒక్కడైనా ఆగి, మేస్త్రీ నీ సెయ్యి ఎలగున్నాది అని అడుగుతాడేమో అని సూసేను. ఎవరూ అడగలేదు."

ఆ చేతి సంగతి లోకంలో అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. ఎంత తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ వేలి దగ్గర బిగుస్తుందో అన్నీ తెలుసు. కళ్ళ ముందే ముద్ద నోటికి వెళ్ళింది కూడా.

"చెయ్యి ఎలా ఉంది మేస్త్రీ?" అని అడిగాను.

ఆయన నా వైపు చూశాడు. నేను డాక్టరమ్మగా అడగడం లేదని తెలిసింది. ఆకు ముందు సర్దుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్న లేవగానే ఎలా ఉంటుందో, చలికి ఎక్కడ లాగుతుందో, ఈవేళ బెల్లం కొట్టేటప్పుడు ఎంత భయమేసిందో, మొదటి గరిటె తిరిగినప్పుడు ఏమనిపించిందో, అన్నీ. పందిరివాళ్ళు గుంజలు పీకుతున్నారు. నేను మధ్యలో అడ్డం రాలేదు. భోజనం ఎప్పుడో అయిపోయింది, ఇద్దరం లేవలేదు. ఎంగిలి చేతులు ఎండిపోయాయి, ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.